అత్త ఎదురొచ్చిన ప్రయాణం

పోయిన వేసవిలో మస్తాన్ కడప నుంచి మా ఇంటికి వచ్చాడు. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చానన్నాడు. పిలుపు ఒక్క నిమిషంలో అయిపోయింది. తర్వాత మధ్యాహ్నమంతా మా మేనత్త ఓబుళమ్మ పక్కన కూర్చుని, ఆమె చేసిన ఉగ్గాని తింటూ, ఎవరెవరు పోయారో ఎవరెవరు ఉన్నారో లెక్కలు వేసుకున్నాడు. అత్త మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు మాట రాకముందే మా అమ్మ పోయింది కాబట్టి నన్ను పెంచింది ఆమే. మస్తాన్‌ను చూస్తే ఆమెకు మొదటి నుంచీ ఇష్టం. ఎండ తగ్గాక అతను సంచి చేతికి తీసుకున్నాడు. అతను లేవకముందే అత్త లేచింది. వంటింట్లోంచి పెరట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మస్తాన్ ఇటూ అటూ చూసి, "అత్తా, పోయొస్తా" అని కేకేశాడు. జవాబు రాలేదు. "ఆమె రాదులేన్నా. ఎవరు బయలుదేరినా పెరట్లోకి పోతాది. మీ మోటార్ సైకిళ్ళ టూరుకు ఎదురొచ్చి అట్లయినకాడి నుంచీ అంతే" అంది నా భార్య, రోజూ చెప్పే మాట చెప్పినట్టు. మస్తాన్ నా వైపు చూశాడు.

వీధి చివర ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాడు. "ఏమప్పా మద్దిలేటీ, నువ్వింకా చెప్పనేలేదా?"

"లేదు."

"పాతికేండ్లాయె గదప్పా! నేను అప్పుడే చెప్పేసింటావనుకుంటి. ఆ యమ్మ ఇన్నేండ్లు తలుపెనకాల ఉండాదా?"

ఆటో వచ్చింది. ఇద్దరి మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. చెయ్యి ఊపలేదు.

మా టూరు సంగతి కల్లూరులో పాతవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు చెప్పే తీరు ఇది: మద్దిలేటి మోటార్ సైకిల్ మీద పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్ దాటి సిరియా దాకా పోవాల్సినోడు, బయలుదేరే ఘడియలో మేనత్త ఎదురొచ్చింది, అందుకే ఎడారిలో బండి చచ్చింది, తతిమ్మావాళ్ళు బాగ్దాద్ చూసి వచ్చారు, ఈయన వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. ఈ కథను ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెప్పరు. పెళ్ళి బృందం కదిలేటప్పుడు ఇంట్లో ఉన్న విధవరాలిని లోపలికి పొమ్మనడానికి మొహమాటపడేవాళ్ళు, నేరుగా పొమ్మనకుండా ఈ కథ చెబుతారు. విన్న మనిషి తనంతట తానే లోపలికి పోతుంది. అంటే మా అత్త పేరు మా వీధి దాటి ఎంతో దూరం పని చేసింది. ఆ కథలో బండి చచ్చిందన్నది నిజమే, ఎందుకు చచ్చిందన్నది కాదు. తక్కినది జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

హంద్రికి ఇవతల మా కల్లూరు అప్పుడు పల్లె. ఏటికి అవతల కర్నూలు కొద్దికాలం రాజధాని అయింది. అక్కడ గుడారాల్లో సర్కారు కచేరీలు నడిచేవి. ఇళ్ళు చాలక గుమాస్తాలు మా పల్లెల్లో కూడా గదులు వెతుక్కునేవారు. మా ఇంట్లో మాత్రం రోజు ఎప్పటిలాగే మొదలయ్యేది. తెల్లవారుజామున అత్త జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. నాయన అప్పటికే ఎద్దులకు మేత వేసి, గడప మీద కూర్చుని, ఆకాశం వైపు ఒకసారి చూసి, వానకు సంబంధించిన ఒక తిట్టు తిట్టి, అప్పుడు ముఖం కడుక్కునేవాడు. వేసవిలో తాగే నీళ్ళ కోసం ఆడవాళ్ళు హంద్రి ఇసుకలో చెలమలు తవ్వేవారు. చెలమలో నీరు ఊరేదాకా పక్కన కూర్చుని ఉండాలి. తొందరపడి ముంచితే బురద వస్తుంది. అత్త అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది, అందుకే మా ఇంటి నీళ్ళు తేటగా ఉండేవి. ఆమె చేసే ప్రతి పనిలోనూ ఆ ఓపిక ఉండేది. అది నాకు రాలేదు.

మా ఇంటికి ఒక వాసన ఉండేది. అది ఆముదం వాసన. చేని గట్ల మీద వేసిన ఆముదాలు ఇంటికి వచ్చాక, కాయలు వాకిట్లో ఎండకు చిట్లి గింజలు అంత దూరం ఎగిరిపడేవి. అత్త ఆ గింజల్ని ఏరి, పగిలిన కుండ పెంకులో వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టేది. నూనె పైకి తేలితే కొబ్బరి చిప్ప గరిటెతో మెల్లగా తీసి ఇంకో గిన్నెలో మళ్ళీ కాచేది. లోపల నీళ్ళు మిగిలి ఉంటే చిటపటమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు, ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ రెండు మూడు రోజులు మేం తినే అన్నం కూడా ఆముదం వాసన వేసేది. అంత కష్టపడి వండిన నూనె అన్నిటికీ ఉండాలి. దీపానికి అదే, తలకు అదే, కడుపు నొప్పికి అదే, ఎండకు పగిలిన ఎద్దు మెడకు అదే. నాయన వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసి వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసేవాడు. "కందెన ఉంటే ఇరుసు నోరు మూసుకుంటాది" అనేవాడు. తిరిగేది ఏదైనా ఆముదంతోనే తిరుగుతుందని నేను ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను.

వేరుశనగ బాగా పండిన ఒక ఏడు నాయన నాకు మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత మోటార్ సైకిల్ ఒకటి కొనిచ్చాడు. నేను బి.ఏ. పూర్తి చేసి ఏ పనీ లేకుండా ఉన్నాను. బండి ఉంటే పనిలేదన్న సంగతి కనబడదు. దాని చప్పుడుకు మా ఎద్దులు మొదట బెదిరాయి, తర్వాత అలవాటు పడ్డాయి. కాలేజీలో నాతోపాటు చదివిన మస్తాన్ వాళ్ళది కడపలో తమలపాకుల వ్యాపారం. వాడికీ అలాంటి బండే ఉండేది. మా ముందు గదిలో అద్దెకున్న గుమాస్తా సర్కారు జిల్లాల మనిషి. మా మాటల్ని ఎగతాళి చేసేవాడు కాని మోటార్ల గురించి చాలా చదివినవాడు. విమానాలకు, ఇంగ్లండులో పందెపు మోటార్ సైకిళ్ళకు ఆముదమే పోస్తారని ఒకరోజు అన్నాడు. అది అబద్ధం కాదని తర్వాత తెలిసింది. అయితే ఆముదం పోసేవాళ్ళు అదొక్కటే పోస్తారు, మామూలు డబ్బా నూనెతో కలపరు, పైగా వాళ్ళది మర మీద తీసి వడకట్టిన నూనె. ఆ మిగతా సగం గుమాస్తాకు తెలియదో, చెప్పలేదో. నాకు సగం చాలు.

ఆ మాట నిజమో కాదో చూడటానికి అవకాశం త్వరలోనే వచ్చింది. మస్తాన్, నేను గండికోట చూడబోయాం. కోట మీద నుంచి కింద పెన్న లోయ చూస్తూ కూర్చున్నప్పుడు మస్తాన్, "ఈ లోయలో బండితో దూకితే పేపర్లో పడతామప్పా" అన్నాడు. "దూకకుండా పడే దారి చూద్దాం" అన్నాను. తిరుగు దారిలో నా బండిలో నూనె తగ్గింది. జమ్మలమడుగులో డబ్బా నూనె దొరకలేదు. ఒక అంగట్లో చిన్న సీసా ఆముదం కొని పోశాను. బండి కల్లూరు దాకా హాయిగా వచ్చింది. వెనకాల తియ్యటి పొగ వదిలింది. కొద్దిగా పోశాను కాబట్టి, దారి కొద్దిదే కాబట్టి అలా జరిగింది. నేను మాత్రం మా ఇంటి ఆముదంతో ప్రపంచం చుట్టిరావచ్చనుకున్నాను.

పేపర్లో పడే దారి మద్రాసు నుంచి వచ్చింది. అక్కడి మోటార్ సైకిళ్ళ క్లబ్బు ఒకటి పడమటి దేశాలకు టూరు వేస్తూ, సొంత బండి ఉన్న యువకులు కావాలని ప్రకటన ఇచ్చింది. నాయకుడు పట్టాళం నుంచి దిగిపోయిన ఒక మేజరు. మద్రాసు పోయి ఆయన ముందు బండ్లు నడిపి చూపించాం. మమ్మల్నిద్దరినీ తీసుకున్నాడు. మద్రాసు నుంచి వాళ్ళు ముగ్గురు బయలుదేరి, కడపలో మస్తాన్‌ను, కల్లూరులో నన్ను కలుపుకుని హైదరాబాదు మీదుగా ఢిల్లీ, లాహోర్, ఆ తర్వాత ఇరాన్ వైపు పోవాలి. నాయన వద్దనలేదు, ఊఁ అనలేదు. అత్త మాత్రం నాలుగు రోజులు ముందుగానే పొడులు, అటుకులు, కారాలు కట్టింది. చివర్లో మూతకు మైనం పట్టించిన రేకు డబ్బా ఒకటి ఇచ్చింది. "పరదేశంలో ఎండకు తల మాడుతాది నాయనా. వారానికొకసారి పెట్టుకో. ఇది నిరుటిది కాదు, మొన్న కాచింది" అంది.

బయలుదేరే పొద్దున సగం ఊరు మా వీధిలో ఉంది. మేజరు, మస్తాన్, తక్కిన ఇద్దరూ బండ్లు వరుసగా నిలిపారు. నాయన టెంకాయ కొట్టి, నా ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టించాడు. శకునానికి ఎదురు రావడానికి పక్కింటి రంగమ్మ పసుపు రాసుకుని, నీళ్ళ బిందెతో వీధి మలుపులో నిలబడి ఉంది. నేను ఇంజను ఆపేశాను.

"అత్త యాడ?" అన్నాను.

"పెరట్లో ఉండాది. నువ్వు కానీ" అన్నాడు నాయన.

"అత్త ఎదురొస్తేనే బండి కదిలేది."

"రేయ్, పదిమందిలో ఇదేం మాటరా? రంగమ్మ ఎంతసేపటి నుంచో బిందె మోస్తాండాది."

ఆ రోజుల్లో కర్నూలు గుడారాల దగ్గర సాయంత్రాలు ఉపన్యాసాలు జరిగేవి. మూఢాచారాల మీద నేను కూడా రెండుసార్లు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. బండి దిగి పెరట్లోకి పోయాను. అత్త గోడ పక్కన నిలబడి వీధి చప్పుళ్ళు వింటోంది. రమ్మన్నాను.

"నాకెందుకు నాయనా ఈ పరీక్ష? నేను ఈడ్నుంచే దండం పెట్టుకుంటా."

"నన్ను పెంచింది నువ్వా, రంగమ్మా?"

"పెంచింది నేనే. అందుకే వద్దంటాండా."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రానని ఆమె గడప దగ్గర ఒకసారి ఆగింది కూడా. పదిమంది ముందు నాతో పెనుగులాడటం ఇష్టం లేక వచ్చింది. దారిలో తొట్టి దగ్గర ఒక చెంబు నీళ్ళు ముంచుకుంది, చేతులు ఖాళీగా ఉండకూడదని. వీధిలో జనం పక్కకు జరిగారు. ఆమె తల వంచుకుని నా బండికి ఎదురుగా నాలుగడుగులు నడిచింది. మేజరు ఏమిటి సంగతని ఇంగ్లీషులో అడిగాడు, మస్తాన్ చెప్పాడు, మేజరు టోపీ తీసి ఆమెకు తల వంచాడు. ఆ గౌరవం నాకే జరిగినట్టు అనిపించింది. నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పో నాయనా" అని అత్త ఎంత మెల్లగా అందంటే, పెదవులు చూసి తెలుసుకున్నాను. ఊరు చెప్పే కథలో ఆమె అజాగ్రత్తగా ఎదురొచ్చింది. అసలు ఆమె రాలేదు. నేను తెచ్చాను.

దారి సంగతులు ఎక్కువ రాయను. మస్తాన్ తర్వాత వాటిని నాకంటే బాగా చెప్పేవాడు. హైదరాబాదులో మేజరు అందరికీ డబ్బా నూనె పంచి, "నూనె ట్యాంకులో ఇది తప్ప ఇంకో చుక్క పడకూడదు" అన్నాడు. లాహోర్‌లో మస్తాన్ ఉర్దూ విని చాయ్ అంగడివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఇది ఏ దేశపు ఉర్దూ అన్నాడు. "కడప దేశం" అన్నాడు మస్తాన్ గంభీరంగా. అంగడివాడు ఆ దేశం ఎక్కడుందో అడిగి, మా దగ్గర చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. క్వెట్టా దాటాక ఎడారి మొదలైంది. నాకూ మస్తాన్‌కూ ఎండ కొత్త కాదు. మద్రాసువాళ్ళు తువ్వాళ్ళు తడిపి తలకు చుట్టుకుంటుంటే, "ఇది మా ఊళ్ళో మాఘమాసం" అని కోతలు కోశాను. బండి గురించి కూడా అలాగే కోశాను, నాది చుక్క నూనె తాగదని. నిజానికి అందరి బండ్లకంటే అదే ఎక్కువ తాగేది. క్వెట్టాలోనే నా వంతు నూనె అయిపోయింది. మేజరును అడిగితే ఇచ్చేవాడు, ఒక మాట అనేవాడు. ఆ మాట పడటం ఇష్టం లేక మర్నాడు పొద్దున, వాళ్ళు చాయ్ తాగుతుండగా, అత్త ఇచ్చిన డబ్బా మైనం తీసి నూనె ట్యాంకులో వంచాను. తలకు అప్పటిదాకా ఒక్క చుక్క కూడా రాసుకోలేదు. మద్రాసువాళ్ళ ముందు ఆముదం తలతో కూర్చోవడం నామోషీగా ఉండేది.

మొదట ఇంజను చప్పుడు మెత్తబడింది. నాయన మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. సాయంత్రానికి కొత్త చప్పుడు ఒకటి మొదలైంది, వినలేదనుకున్నాను. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుని, బండి నన్ను కంకరలోకి విసిరేసింది. మోచెయ్యి చీరుకుపోయింది. లేచి కూర్చునేసరికి, చుట్టూ ఒక్క చెట్టు లేని ఆ దేశంలో, మా ఇంటి వాసన వచ్చింది. అత్త పొయ్యి మీద కుండ పెట్టిన రోజుల వాసన. వెనకాల వస్తున్న మస్తాన్ బండి ఆపి, ముక్కు ఎగబీల్చి, నా దగ్గరికి వచ్చాడు.

"ఇదేంది మద్దిలేటీ? మీ పెరడు వాసన వస్తాండాది!"

ట్యాంకు మూత తీశాడు. లోపల పాకంలాంటిది వేలికి తీగలు సాగింది. "ఆముదం పోస్తివా? ఇంజనుకేమన్నా కడుపు నొప్పి వచ్చిందనుకుంటివా?" అన్నాడు. ముందుకు పోయిన మేజరు వెనక్కి తిరిగి వస్తున్న దుమ్ము కనబడింది. మస్తాన్ గుడ్డతో గబగబా తుడిచి మూత బిగించాడు. మేజరు రాగానే, "పాత ఇంజను సార్. పట్టేసింది" అన్నాడు. నా కోసం వాడు ఆడిన అబద్ధం అది. అక్కడికక్కడే నేను నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. బండి లేనివాడికి ఇంకొకరి వెనక సీటు లేదని మేజరు ముందే పెట్టిన నియమం. ఎడారి మధ్య వారానికొకసారి నడిచే రైలు ఒకటి ఉంది. అది వచ్చేదాకా స్టేషను వరండాలో నన్ను, బండిని వదిలి వాళ్ళు ఇరాన్‌లోకి పోయారు. మస్తాన్ తన తువ్వాలు నా మోచేతికి కట్టి వెళ్ళాడు.

చచ్చిన బండిని వెంటేసుకుని ఎన్నో రైళ్ళు మారి డోన్ జంక్షన్‌లో దిగాను. కర్నూలు బండి కోసం కూర్చుంటే, వేరుశనగ బస్తాలు వేయించడానికి వచ్చిన మా ఊరి ఎల్లారెడ్డి కనబడ్డాడు. ఏమని చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చినవాణ్ణి, ఆయన ఆ శ్రమ తప్పించాడు.

"ఏమప్పా, అప్పుడే వస్తివి? బండి చెడిపాయెనా?"

"చెడిపోయింది."

"మీ అత్త ఎదురొచ్చినప్పుడే అనుకుంటిమి. మీ నాయన కూడా అనుకునె, పైకి అనలేదంతే. పోనీలే, ప్రాణంతో వస్తివి, అదే శానా."

నేను ఏమీ అనలేదు. చాలా ఏళ్ళు ఆ క్షణానికి నాలో నేను ఒక వాదన వినిపించుకునేవాణ్ణి: నేను అబద్ధం చెప్పలేదు, ఆయనే అన్నాడు, నేను విన్నాను. ఎల్లారెడ్డి ఆ రోజు బస్సులో నాకంటే ముందు ఊరు చేరాడు.

ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. నాయన బండి వైపు చూసి, వంటింటి వైపు చూసి, చేనికి పోయాడు. అత్త నీళ్ళు కాచింది. నా సంచి విప్పి బట్టలు నానబెట్టింది. రేకు డబ్బాను చెవి దగ్గర ఊపి చూసి పక్కన పెట్టింది. నా తల మీద చెయ్యి వేసి, "జుట్టంతా గడ్డివామి అయిందే నాయనా" అని, కొత్త ఆముదం పెట్టి చాలాసేపు రుద్దింది. అప్పుడు చెప్పి ఉంటే ఆ ఒక్క మనిషికైనా తెలిసేది. కళ్ళల్లో నూనె పడుతుందని మూసుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె బయలుదేరేవాళ్ళకు కనబడటం మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. చెప్పుల చప్పుడు వింటే చాలు, చేతిలో పని చేతిలోనే పట్టుకుని పెరట్లోకి పోయేది. నా పెళ్ళికి బృందం కదిలేటప్పుడు పశువుల కొట్టంలో ఉంది. నేను నూనె మిల్లు పెట్టిన రోజు, నా కొడుకు మొదటిసారి బడికి పోయిన రోజు, నాయనను పాడె మీద తీసుకుపోయిన రోజు కూడా అంతే. చావుకు శకునం ఏముందని ఆ రోజు ఎవరో అన్నారు. అలవాటుగా పోయినట్టుంది.

ఇప్పుడు కల్లూరు పల్లె కాదు. మా చేలలో ఇళ్ళు లేచాయి, చిన్న ఫ్యాక్టరీలు వచ్చాయి, హంద్రి చెలమలు తవ్వేవాళ్ళు లేరు. ప్రతి మూడో ఇంటి ముందు ఒక మోటార్ సైకిల్ ఉంది. ఆముదం అంగట్లో సీసాల్లో వస్తోంది, దానికి వాసన కూడా తక్కువ. మా వీధి పిల్లలు కొత్త బండి తెస్తే చక్రం కింద నిమ్మకాయ మాత్రం మరిచిపోరు. అప్పుడు మేం దేన్ని మార్చబోతున్నామని ఉపన్యాసాలు ఇచ్చామో, ఆ ఒక్కటీ తప్ప తక్కినవన్నీ మారాయి. ఆ ఒక్కటి ఇంత గట్టిగా నిలబడటానికి మా ఊళ్ళో ఒక రుజువు ఉంది. ఆ రుజువు నేనే.

మస్తాన్‌ను ఆటో ఎక్కించి ఇంటికి వచ్చేసరికి అత్త పెరట్లోంచి మళ్ళీ హాల్లోకి వచ్చి, చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నా భార్య పక్కన ఉంది. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి రేడియో విప్పుకుని కూర్చున్నాడు. నిలబడే చెప్పాను. డబ్బా సంగతి, క్వెట్టా, మస్తాన్ తుడిచిన గుడ్డ, డోన్‌లో ఎల్లారెడ్డి. అంతా చెప్పడానికి అనుకున్నదానికంటే తక్కువసేపు పట్టింది. మా అబ్బాయి నవ్వాపుకోలేక, "ఇంజన్లో వంటాముదమా నాయనా!" అన్నాడు. నా భార్య నవ్వలేదు. "మరి ఇన్నేండ్లు..." అని ఆగిపోయింది.

"నాకు అప్పుడే తెలుసు" అంది అత్త, తల ఎత్తకుండా. "డబ్బా ఖాళీగా వచ్చె. నీ తల చూస్తే గడ్డివామి. తలకు పెట్టనోడు డబ్బెడు నూనె యాడ పోసింటాడు? తాగింటే అంత తొందరగా ఇల్లు చేరేటోనివి కాదు, చెంబు పట్టుకొని ఆ దేశంలోనే కూర్చునింటివి."

మా అబ్బాయి రేడియో వదిలేసి పగలబడి నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

"తెలిసి ఎందుకు చెప్పలేదత్తా?"

"నీ నోట్లో మాట నేనెట్ల చెప్పేది?"

ఆమె నవ్వడం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళ భారం దిగిందని కూడా అనిపించింది. "సరే, ఇప్పుడు చెప్తిని గదా. బండి చెడింది నా ఆముదం వల్ల, నీ వల్ల కాదని అందరికీ తెలిసె. ఊళ్ళో కూడా నేనే చెప్తా. ఇంక ఎవరు బయలుదేరినా నువ్వు ముందరే ఉండాల" అన్నాను.

అత్త చేతిలో గింజ పళ్ళెంలో వేసి నా వైపు చూసింది.

"ఒక మాట అడుగుతా. నువ్వు ఆముదం పొయ్యకుండా, ఆ బండి దానంతట అదే చెడిపోయింటే, అప్పుడు నా వల్లేనా?"

ఎత్తిపొడవడానికి అడిగిన ప్రశ్న కాదు. ఆమె నిజంగానే జవాబు కోసం చూస్తోంది. నా భార్య నన్ను చూస్తోంది. మా అబ్బాయి నవ్వు ఆగిపోయింది. నేను ఇంతసేపూ చెప్పిందంతా, శకునం నిజమే కాని ఈసారికి నేరం దానిది కాదని చెప్పినట్టుగా ఉందని అప్పుడు తెలిసింది.

"కాదత్తా" అన్నాను.

"ఆ మాట చాలు గదప్పా. దానికి అంత పొడుగు కథ ఎందుకు?" అని ఆమె ఇంకో చింతపండు ముద్ద విప్పింది.